బొమ్మల వీపు

ఫర్హానాకు కోపం వచ్చే వేళకు ఆమె పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి. అందుకే పదహారేళ్లుగా ఆ కోపం ఎవరికీ వినపడలేదు. బొమ్మకు చీర కట్టేవాళ్లకు అది తప్పదు. రెండు చేతులూ కుచ్చిళ్ల మీద ఉంటాయి, సూదులు పట్టుకోవడానికి మిగిలేది నోరొక్కటే. నోట్లో ఎనిమిది సూదులున్న మనిషిని ఎవరైనా ఏమైనా అనొచ్చు. ఆమె తల ఊపుతుంది. లేదంటే ఊపదు. మాట మాత్రం నాలుక కింద, ఇనుము రుచితో ఉండిపోతుంది.

ఆమె పనిచేసేది హన్మకొండ చౌరస్తా దగ్గరి దమయంతి ఫ్యాషన్ మాల్‌లో. రోడ్డు వైపు ముప్పై అడుగుల అద్దం, అద్దం వెనక పన్నెండు బొమ్మలు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు ఆ అద్దంలో ముందు తమ మొహం చూసుకుంటారు. తర్వాత చీరలు చూస్తారు. ఆ తర్వాత ఆ చీరల్లో తమ మొహం చూసుకుంటారు. ఆ మూడో చూపు కోసమే ఫర్హానా పని. పొద్దున ఏడున్నరకు మండిబజార్‌లో ఆటో ఎక్కి, పోచమ్మ మైదాన్, ఎంజీఎం ఆసుపత్రి దాటి, షటర్ సగం లేచేసరికి వచ్చేస్తుంది. బురఖా తీసి మేకుకు తగిలిస్తుంది. అద్దానికి లోపలి వైపు తెల్ల తెర లాగుతుంది. ఆ తెర లాగకుండా బొమ్మ ఒంటి మీది చీర ఒక్కసారీ విప్పలేదు.

"ప్లాస్టిక్ బొమ్మకేం సిగ్గు బిడ్డా," అని ఊడ్చే మొగిలమ్మ నవ్వేది.

"దానికి లేదవ్వా. నాకున్నది."

"అయితే నువ్వే కప్పుకో తెర. నీకు గాలాడది, దానికి గాలాడుతది."

ఫర్హానా తండ్రి మహమూద్ షేర్వాణీలు కుట్టేవాడు. తల్లి గౌసియా బేగం అరుగు మీద మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్, పికో కుట్టేది. ఊళ్లో వాళ్ల చీరలన్నీ ఆ ఇంటి మీదుగా పోయేవి. మడత విప్పగానే ఒక్కో చీరలోంచి ఒక్కో ఇంటి వాసన వచ్చేది. ఒకదాంట్లో కర్పూరం, ఒకదాంట్లో పచ్చిమిరపకాయల పొగ, ఒకదాంట్లో ఏమీ లేని కొత్తదనం. ఫర్హానా తాను చీర కట్టుకున్నది జన్మలో రెండుసార్లు. కానీ ఏ బట్ట ఎలా పడుతుందో ఆమె వేళ్లకు తెలుసు. గద్వాల చీర నిలబడుతుంది. పోచంపల్లి చెప్పినట్టు వింటుంది. కంచి పట్టు ఎదురు చెబుతుంది, బతిమాలాలి. జార్జెట్ వినదు, ఎదురు చెప్పదు, జారిపోతుంది.

ఈ దుకాణానికి మొదట ఫాల్ కుట్టడానికే వచ్చింది. అప్పట్లో బొమ్మలకు చీరలు కట్టడానికి సారంగపాణి అనే పెద్దమనిషి నెలకోసారి సికింద్రాబాద్ నుంచి రైల్లో దిగేవాడు. ఒక శ్రావణమాసంలో ఆయన రాలేదు. దుకాణం యజమాని వెంకట్రాజాన్ని అందరూ పెద్ద సేటు అంటారు. ఆయన తల పట్టుకుని కూర్చుంటే, "నేను కడత సేటు," అంది ఫర్హానా. కట్టింది. పెద్ద సేటు బయటికి పోయి అద్దం ముందు నిలబడ్డాడు. రోడ్డు దాటి అవతలి వైపు నుంచి మళ్లీ చూశాడు. బస్సు ఒకటి అడ్డమొస్తే అది కదిలేదాకా ఆగి, మూడోసారి చూశాడు. లోపలికి వచ్చి, "సారంగపాణిని ఇగ రావద్దను," అన్నాడు. అంతే. ఆమెకు ఎవరూ ఇంకేం చెప్పలేదు, ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఆమె పద్ధతి ఆమెదే. బొమ్మ నడుముకు ముందు పాత నూలు పంచె చీరిన పట్టీ బిగించి చుడుతుంది. సూది పట్టుకునేది ఆ నూలునే తప్ప చీర పట్టును కాదు. చీరలోంచి సూది పోవాల్సిన చోట రెండు వేళ్లతో బట్టను కొంచెం వదులు చేసి, దారానికీ దారానికీ మధ్య సందు వెతుకుతుంది. సూది సందులోంచి పోతే చీర మరిచిపోతుంది. దారంలోంచి పోతే బతికినన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది. విప్పాక గోటి వెనకవైపుతో ఆ చోట మెల్లగా రుద్దుతుంది. పోగులు మళ్లీ దగ్గరికి జరుగుతాయి, నీళ్లలో రాయి పడ్డ చోటు మూసుకున్నట్టు. పదహారేళ్లలో ఆమె సూది వల్ల చిల్లు పడి బయటికి పోయిన చీర లేదు. ఆమె గొప్ప చెప్పుకున్నది ఇదొక్కటే, అది కూడా భర్త షకీల్‌కు, ఆటో తుడుస్తూ ఆయన సగం వింటున్నప్పుడు.

ఇంకొక సంగతి ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి చీర బేరం చేసే ఆడవాళ్లు రంగు, అంచు, జరీ అన్నీ చూశాక చివర్న ఒక మాట అడుగుతారు. "బొమ్మకు గిట్ల కట్టిండ్రా?" కట్టిన చీర అయితే పెళ్లికి పనికిరాదు. ఆ పట్టు మొట్టమొదట చుట్టుకోవాల్సింది పెళ్లికూతురినే. ఇది ఫర్హానా ఇంటి నమ్మకం కాదు. వాళ్లలో పెళ్లికూతురి బట్టలు, జోడా, అత్తింటి నుంచి వస్తాయి, అక్కడి పట్టింపులు వేరు. అయినా ఆమె ఆ మాటను ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. బొమ్మ మీది నుంచి దించిన ప్రతి పట్టు చీర కింది అంచు మూలకు ఒక నీలం దారం ముడి వేసేది. పెద్ద సేటు పెట్టిన కట్టుబాటు అది. ముడి ఉన్న చీరను సేల్స్‌మెన్ పెళ్లివాళ్ల ముందు పరవరు. అది ఎవరికైనా పెట్టడానికి కొనేవాళ్లకు పోతుంది.

రెండేళ్ల కిందట పెద్ద సేటు మోకాళ్లు మొరాయించాయి. కొడుకు హరికృష్ణ కూర్చున్నాడు. గోడలు తెల్లబడ్డాయి, లైట్లు పచ్చబడ్డాయి, పాత బొమ్మలు గోదాములోకి పోయాయి. పాత బొమ్మలకు కాటుక కళ్లు, కొంచెం ఎక్కువైన ముక్కు, నవ్వాలో వద్దో తేల్చుకోని పెదాలు ఉండేవి. కొత్తవాటికి తలలే లేవు. బట్ట చుట్టిన స్పంజి ఒళ్లు, మెడ దగ్గర నున్నగా కోసేసినట్టు ఒక చెక్క మూత. వాటితో పాటు హైదరాబాద్ నుంచి సాయితేజ వచ్చాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. డిజైన్ చదువుకున్నాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, ఫోన్‌లో ఫొటో చూసి, అద్దాన్ని ఆ ఫొటోలా చేసి పోతాడు. అతను చీరను చీరలా కట్టడు. గౌనులా, పువ్వులా, రెక్కలా మలుస్తాడు. రోడ్డు మీంచి చూస్తే బాగుంటుంది, అది కాదనలేదు ఫర్హానా. కానీ అతని చేతిలో సూది లేదు. స్టేప్లర్ గన్ ఉంది. టక్, టక్, టక్. ఆ చప్పుడుకు ఆమె పళ్లు జివ్వుమనేవి. గన్ పట్టని చోట వేడి జిగురు.

ఆమెకు పై అంతస్తు బొమ్మలు అప్పగించారు. కింద అద్దం జోలికి పోవద్దన్నారు. ఒక్క పని మాత్రం మిగిల్చారు. ఎవరైనా "నాకు ఆ బొమ్మ మీది చీరే కావాలె" అన్నా, అద్దం మార్చే వేళ వచ్చినా, బొమ్మల మీది చీరలు విప్పేది ఆమే. పట్టకారుతో ఒక్కొక్క పిన్నూ ఊడదీసేది. జిగురు మచ్చ మీద మైనం కాగితం పెట్టి గీకేది. చిల్లుల మీద గోరు రుద్దేది, అవి మూసుకునేవి కావు. మూలకు నీలం ముడి వేసి పంపేది.

ఒకరోజు హరికృష్ణ ఆ ముడి చూశాడు.

"ఈ దారాలేంది ఫర్హానా? పాత బట్టల దుకాణం లెక్క."

"బొమ్మకు కట్టినయి సేటు. పెళ్లోళ్లకు పోవద్దని."

"గివన్ని బంద్ చెయ్. స్టీమ్ పట్టి మడత పెట్టు, కొత్త కవర్ ఎయ్యి. ఎవలు చూస్తరు?"

"ముట్టుకుంటె తెలుస్తది సేటు. చిల్లులున్నయి."

"నీ కండ్లకు తెలుస్తది. ఫికర్ చెయ్యకు."

అప్పటికి ఆమె నోట్లో సూదులు లేవు. అయినా మాట రాలేదు. తన ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో చదువుతున్నారు. ఆమె పై అంతస్తుకు పోయింది. ముడులు వేస్తూనే ఉంది. కింద ఎవరో వాటిని కత్తిరిస్తూనే ఉన్నారు. ఎనిమిది నెలలు అలా గడిచింది. ఆ ఎనిమిది నెలలు ఆమెకు అన్నం అరగలేదని చెప్పడానికి లేదు. తిన్నది, పడుకున్నది, పండుగకు సేవయ్యా చేసింది. కోపం ఒక మూలన సన్నగా వెలుగుతూ ఉండేది, ఫ్రిజ్ మీది ఎర్ర దీపంలా.

ఫాల్గుణం మొదట్లో ఒక మంగళవారం. పదకొండు దాటింది. ఉగాది కోసం కింద అద్దం మార్చడానికి సాయితేజ వచ్చి ఉన్నాడు, తెర లాగి ఉంది, లోపల్నుంచి టక్ టక్ వినిపిస్తోంది. మొగిలమ్మ మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ.

"చిన్న సేటు పిలుస్తాండు. కింద లొల్లి అయితాంది. రఘునాథపల్లి నుంచి ఒక తల్లి చీర పట్టుకొచ్చింది. ఆమె గొంతు వింటే నాకే భయమైతాంది, నేనేం చెయ్యకపోయినా."

కింద తెల్ల పరుపు మీద ఒక పసుపు పట్టు చీర నిలువునా పరిచి ఉంది, కుంకుమ రంగు అంచు. దాని పక్కన అరవై ఏళ్ల ఆమె, పేరు బక్కమ్మ, కూర్చుని ఉంది. చెప్పులు విప్పి, మోకాళ్లు ముడుచుకుని, ఈ చీర లేచిపోతుందేమోనన్నట్టు ఒక చెయ్యి దాని మీద ఆనించి. వెనక నిలబడ్డది కూతురు వినోద. శుక్రవారం పెళ్లి ఆమెదే. ఇరవై రోజుల కింద ఈ చీర కొన్నారు. ఊళ్లో ఫాల్ కుట్టడానికి ఇస్తే కుట్టే ఆమె వెలుతురుకు పట్టి చూసి, సూది పక్కన పెట్టి, "దీన్ని నేను కుట్టను" అందట.

హరికృష్ణ మొహం మీద కౌంటర్ నవ్వు ఉంది. ఫర్హానాను చూడగానే, "ఇగో అమ్మా, ఈమెనే బొమ్మలు చూసేది. పిన్నులు పెట్టుడు గిట్ల అంత ఈమె పనే. చెయ్యి జారి ఎక్కడ్నో తగిలింది. ఏమనుకోకు," అన్నాడు. తర్వాత ఆమె వైపు కొంచెం వంగి, గొంతు తగ్గించాడు. "నా తప్పే అని ఒక్కమాట చెప్పు. వేరే చీర ఇచ్చి పంపిద్దాం. అయిపోతది."

ఫర్హానా వంగి చీర అంచు ఎత్తింది. కుచ్చిళ్ల దగ్గర చిల్లులు వరసగా ఉన్నాయి. వెలుతురు వాటిలోంచి కారుతోంది. ఒక చోట జిగురు, ఎండిన గంజిలా. ఆమెకు ఆ చీర తెలుసు. జనవరిలో ఎడమ నుంచి మూడో బొమ్మ. నడుము వెనక రెక్కలా మలిచారు దీన్ని. ఇరవై రెండు పిన్నులు ఊడదీసింది తనే.

"ఇది నా సూది కాదు," అంది.

"ఫర్హానా."

"నా సూదికి ఒక్కటే కాలు సేటు. ఇవి చూడు, జంటలు జంటలుగా ఉన్నయి. రెండు కాళ్లది. స్టేప్లర్‌ది."

హరికృష్ణ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. బక్కమ్మ మాత్రం సూది గురించి వినలేదు. ఆమె విన్నది వేరే.

"అంటె, బొమ్మకు కట్టిండ్రు."

 పరుపు అంచున కూర్చున్న సేల్స్‌మన్ కొమురెల్లి ఒక చీర మడత పెట్టడం మొదలుపెట్టాడు. అది మడత పెట్టే ఉంది.

"నేను అడిగిన," అంది బక్కమ్మ, అతని వైపు వేలు చూపించి. "మూడుసార్లడిగిన. రంగు నచ్చింది, అంచు నచ్చింది, బిడ్డకు నచ్చింది, బొమ్మకు కట్టిందైతె వద్దు అన్న. ఈ గళ్ల అంగీ ఆయన కొత్త కవర్ చింపి చూపెట్టిండు. పాక్ చీర, ఎవలకు కట్టంది అన్నడు. కొత్తది అన్నడు."

"పైనుంచి గట్లనే వచ్చిందమ్మా," అన్నాడు కొమురెల్లి, చీరతోనే మాట్లాడుతున్నట్టు.

"పైనుంచి అంటె మబ్బుల కెల్లి వచ్చిందా?" అంది వెనక నుంచి మొగిలమ్మ. హరికృష్ణ ఆమె వైపు చూశాడు. ఆమె చీపురు వైపు చూసింది.

బక్కమ్మ ఫర్హానా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలముంది, నాటు పెట్టిన చెయ్యి, కోత కోసిన చెయ్యి.

"బిడ్డా, బొమ్మ మీద నుంచి దీన్ని దించింది ఎవలు?"

"నేనే పెద్దమ్మా."

"చిల్లులు చూసినవా?"

"చూసిన."

"మరి నాకు చెప్పకపోతివి."

"మీరు కొనేటప్పుడు నేను పైన ఉన్న. మిమ్ముల నేను చూడలే."

"నన్ను చూడలే," అంది బక్కమ్మ. "చీరను చూసినవ్ గదా."

తిట్టినట్టు లేదు ఆ మాట. ఎండలో నిలబెట్టినట్టు ఉంది.  తన తప్పు కాదని నిరూపించుకోవడానికి ఫర్హానా దాచుకున్న మాటలన్నీ, ఒంటికాలు సూది, నూలు పట్టీ, దారాల మధ్య సందు, అన్నీ ఒక్కసారి చిన్నవైపోయాయి. ఎనిమిది నెలలు. పదిహేను రోజులకు పన్నెండు చీరలు. వాటిలో ఎన్ని పెళ్లిళ్లకు పోయాయి? ఏ ఊళ్లో ఏ పిల్ల తలంబ్రాల కింద నడుము దగ్గర చిల్లులతో కూర్చుంది? ఒక్క మొహమూ తనకు తెలియదు. అన్ని చీరలూ తెలుసు.

హరికృష్ణ ఆమె మోచేతి దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. "సారీ చెప్పి పైకి పో. లేదంటె బురఖా తీస్కొని ఇంటికి పో. రెండిట్ల ఏదన్న ఒకటి, ఇప్పుడే."

ఆమె మెట్ల వైపు నడిచింది. పైకే పోతోందనుకుని హరికృష్ణ నిట్టూర్చాడు. మెట్ల పక్కన, అద్దంలోకి పోయే చిన్న తలుపు ఉంది. ఆమె వంగి ఆ తలుపులోంచి లోపలికి పోయింది.

తెర ఉండటంతో లోపల పాల రంగు వెలుతురు. సాయితేజ పీట మీద నిలబడి చివరి బొమ్మ భుజానికి మామిడాకు రంగు పట్టు బిగిస్తున్నాడు. మిగతా పదకొండూ తయారు. ముందునుంచి చూస్తే చిగుళ్లు, గాలి, లేత పసుపు. అతని కళ్ల కింద నలుపు ఉంది. మొదటి బండికి దిగి ఉంటాడు.

"ఆంటీ, లైటింగ్ సెట్ చేస్తున్నాను. తర్వాత రండి ప్లీజ్."

"జర పక్కకు జరుగు బిడ్డా."

ఆమె మొదటి బొమ్మ నడుము రెండు చేతులా పట్టుకుంది. అడుగున ఇనుప పళ్లెం, బరువు. గిర్రున తిప్పితే పడుతుంది. మెల్లగా, ఒక మూల మీద ఆనించి, చంటిపిల్లను పక్కకు ఒత్తిగిలించినట్టు తిప్పింది. పళ్లెం నేల మీద గర్రుమంది. బొమ్మ వీపు రోడ్డుకు తిరిగింది.

"ఏం చేస్తున్నారు? ఫొటో పంపాలి నేను, పన్నెండు గంటలకు."

"పంపు. వీపులు గూడ పంపు."

రెండోది. మూడోది. సాయితేజ పీట దిగాడు, ఆపడానికి చెయ్యి చాచాడు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక చెయ్యి గాల్లోనే ఉంచాడు. "ఆంటీ, నాకు రెండు గంటలే ఇస్తారు. పన్నెండు బొమ్మలు. రేపు ఖమ్మం, ఎల్లుండి కరీంనగర్. స్టేప్లర్ లేకుండా ఎట్లా అవుతుంది? మీరైతే ఏం చేస్తారు?"

"ఆరు బొమ్మలు కడత."

"పన్నెండు కావాలి అంటున్నారు కదా వాళ్లు."

"కావాలన్నోనిది తప్పు. పిన్నులు కొట్టినోనిది గూడ తప్పు. నేను దించి, నోరు మూసుకున్న. నాది గూడ."

అతను పీట మీద కూర్చుండిపోయాడు. ఆ మాటతో అతని మీది కోపం తగ్గలేదు ఆమెకు. అతని చెయ్యి మంచిదని ఆమెకు తెలుసు, అదే మంట. మంచి చేతికి గన్ ఇచ్చి పంపించారు, అది ఒద్దనకుండా అందుకుంది.

పన్నెండో బొమ్మ తిరిగాక ఆమె తెర తాడు లాగింది.

ఫాల్గుణం ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. వీపులు మెరిశాయి. వెన్నెముకల పొడుగునా, నడుముల చుట్టూ, పిరుదుల కింద, వందల వెండి పిన్నులు. చేప పొలుసుల్లా దగ్గరదగ్గరగా కొన్ని, తొందరలో వంకరపోయినవి కొన్ని. వాటి మధ్య జిగురు కారి గడ్డకట్టిన చారలు. ఒక గద్వాల చీర కొంగును మలపడానికి లోపలివైపు జానెడు కత్తిరించి ఉంది. ముందు వైపు వసంతం. వెనక వైపు ఎవరినో పడుకోబెట్టి కుట్లు వేసినట్టు.

బస్ స్టాప్‌లో ముందు ఒక ఆమె చూసింది. పక్కన ఆమెను తట్టింది. పూలమ్మే ఆమె గంప నెత్తి మీదే ఉంచుకుని అద్దం దాకా నడిచి వచ్చింది. కాలేజీ పిల్లలు ఆగారు, ఒకమ్మాయి అద్దానికి వేలు ఆనించి పిన్నులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, లోపల ఉన్న ఫర్హానాను చూసింది. అద్దం మందం. మాటలు వినపడవు. ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. నిజమా, అని అయి ఉంటుంది. ఫర్హానా తల ఊపింది.

చిన్న తలుపులోంచి హరికృష్ణ వంగి వచ్చాడు. అద్దం అవతల యాభై మంది ఉండటం వల్ల అరవలేదు.

"తిప్పు."

"తిప్పను సేటు."

"ఇన్నేండ్లు తిండి పెట్టిన దుకాణం ఇది."

"పెద్ద సేటు దుకాణం అది. ఇది వేరే."

అతనే ఒక బొమ్మను పట్టుకున్నాడు. బొమ్మను తిప్పడం అతనికి తెలియదు. నడుము పట్టుకోవాలి, చీర పట్టుకున్నాడు. పట్టు సాగింది, ఒక్క క్షణం ఓపిక పట్టింది, తర్వాత పిన్నుల వరస పొడుగునా చినిగింది. ఆ చప్పుడు దుకాణం లోపలికంతా వినిపించింది. పట్టు చినిగే చప్పుడు బట్టల దుకాణంలో అందరికీ తెలుసు. సేల్స్‌మెన్ లేచి నిలబడ్డారు. హరికృష్ణ చేతిలో ఆకుపచ్చ ముక్క మిగిలింది. బయట మొదటిసారి ఎవరో ఫోన్ ఎత్తారు, తర్వాత అందరూ ఎత్తారు.

ఫర్హానా అతన్ని దాటుకుని లోపలికి వచ్చేసింది.    ఇంతసేపూ కోపం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు, ఇప్పుడిప్పుడే ఊపిరి పీలుస్తున్నట్టుంది.

లోపల అప్పటికే మాటలు మారిపోయాయి. బిల్లు కట్టి పోబోతున్న ఒక ఆమె కవర్ చింపి చీర దులిపింది. ఇంకొకామె సంచి బోర్లించింది. "ఇది కట్టిందా?" "ఇదెక్కడిది, పైన్నుంచి వచ్చిందా, అద్దంలకెల్లి వచ్చిందా?" కొమురెల్లి రెండు చేతులూ ఎత్తి, "నన్నడగకుండ్రి," అంటున్నాడు. "అబద్ధం చెప్పేటప్పుడు అడగమన్నవ్," అంది ఒకామె.

బక్కమ్మ పరుపు మీంచి లేవలేదు. పసుపు చీరను పక్కకు నెట్టి, చెయ్యితో ముందు చోటు తట్టింది.

"ఇట్ల కూసో బిడ్డా. శుక్రవారం పెళ్లి, నాకు చీర కావాలె. వేరే దుకాణాలు తిరిగే టైం లేదు. నువ్వు చూసి ఇది కట్టంది అంటెనే తీస్కుంట. వీళ్లు చెప్తే తీస్కోను."

ఫర్హానా కూర్చుంది. వినోద అరల వైపు చూపించింది, కొమురెల్లి తెచ్చి పెట్టాడు. మొదటిది విప్పగానే నడుము దగ్గర జంట చిల్లులు. ఎడమ పక్కకు వేసింది. రెండోదానికి చిల్లులు లేవు, కానీ మడతల్లో స్టీమ్ పట్టిన మెత్తదనం ఉంది, కొత్త పట్టుకుండే బిరుసు లేదు. "ఇది దించిందే," అని అది కూడా పక్కకు వేసింది. మూడోదాంట్లో జిగురు. ఒక్కో చీర పక్కకు పడుతుంటే ఆమె గొంతు ఇంకా చిన్నదవుతోంది, ఇంకా గట్టిపడుతోంది.

హరికృష్ణ వచ్చి పరుపు అంచున నిలబడ్డాడు. చేతిలో ఆ ముక్క ఇంకా ఉంది.

"ఇయ్యాల్టితోని నీ పని అయిపాయె ఫర్హానా. ఇగ రావద్దు."

"తెల్సు సేటు. ఈ తల్లి చీర అయిపోనియ్యి."

"లెవ్వు అక్కడి నుంచి."

బక్కమ్మ తలెత్తింది. "లెవ్వది. నేను లేసినంక లెవ్వది. నేను కొంటాన, ఆమె చూస్తాంది. నువ్వేం జేస్తానవ్?"

అతను చుట్టూ చూశాడు. సంచులు పట్టుకున్న ఆడవాళ్లు పరుపు చుట్టూ చేరారు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. అందరూ ఫర్హానా వేళ్ల వైపు చూస్తున్నారు.

ఏడో చీర కుంకుమ రంగుది, సన్నటి పసుపు అంచు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టింది. మూల నుంచి మూల దాకా అరచేతితో తడిమింది. అంచు తిరగేసింది. మడతలు బిరుసుగా విరిగాయి, మగ్గం మీంచి వచ్చాక ఎవరి ఒంటి వంపూ ఎరగని మడతలు. ఇంకొకసారి, మొదటి నుంచి, మళ్లీ చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు.

"ఇది కట్టంది," అంది. "తీస్కపో పెద్దమ్మా."

వినోద దాన్ని రెండు చేతులా అందుకుంది. బక్కమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది, చెప్పులు వెతుక్కుంది. దీవిస్తుందని ఫర్హానా అనుకోలేదు, ఆమె దీవించలేదు.

"గా బొమ్మలు జర ముందుగాల్నే తిప్పకపోతివి," అంది.

"తిప్పకపోతి," అంది ఫర్హానా.

బక్కమ్మ ఒక క్షణం ఆమెను చూసి, తల ఊపి, కూతురి భుజం పట్టుకుని తలుపు వైపు నడిచింది. ఆ ఖాళీలో వెంటనే ఇంకొకామె కూర్చుంది. ఏటూరునాగారం నుంచి వచ్చానంది, చెల్లెలి పెళ్లంది, సంక్రాంతి దాటినంక ఇక్కడే కొన్నామంది, ఇయ్యాల జాకెట్ గుడ్డ కలుపుకోవడానికి తెచ్చానంది. సంచిలోంచి ఒక వంకాయరంగు పట్టు తీసి ఫర్హానా ఒళ్లో పెట్టింది. ఫర్హానా మడత విప్పకముందే దాన్ని గుర్తుపట్టింది. కుడి నుంచి రెండో బొమ్మ. ఆమె పళ్లు బిగించి, చీరను తెల్ల పరుపు మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరిచింది, అందరికీ కనపడేటట్టు.